కుర్చీ వెనక పరుగు

ప్రభుత్వోద్యోగి తన పై అధికారికి ఎన్ని అబద్ధాలైనా చెప్పవచ్చు. వాటికి నియమావళిలో శిక్షలున్నాయి, శిక్షలకి అప్పీళ్ళున్నాయి, అప్పీళ్ళకి వాయిదాలున్నాయి. నిజం చెప్పినవాడికే ఏ దిక్కూ లేదు. నేను సర్వీసులో ఒకే ఒక్కసారి, అదీ పొద్దున్నే, కాలవ గట్టు మీద, ఆయాసపడుతూ నిజం చెప్పాను. తరవాత జరిగినదానికంతటికీ నేనే బాధ్యుణ్ణని మా శాఖ తేల్చింది. నేనూ కాదనను.

నా పేరు వైకుంఠరావు. ఖాళీ గోనె సంచుల ప్రాంతీయ పర్యవేక్షణ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుని. సంచిలో సరుకున్నంతసేపూ అది మా పరిధిలోకి రాదు. ఖాళీ అయ్యాకే మాదవుతుంది. ఊరి పేరు చెప్పను. గోదావరి కాలవ పక్కన ఉందనీ, గట్టు వెంబడి పడమరగా పోతే కాలవ నీళ్ళని ఆపే లాకులు వస్తాయనీ, ఆ లాకుల దగ్గర మా ప్రాంతం అయిపోయి పక్క ప్రాంతం మొదలవుతుందనీ చెబితే చాలు. ఈ సంగతి కాలవకి తెలియదు గానీ మా ఆఫీసులో అందరికీ తెలుసు.

చదువుకునే రోజుల్లో నేను బాగా పరిగెత్తేవాణ్ణి. పందేల కోసం కాదు, ఊరికే. ఉద్యోగం వచ్చాక కూర్చున్నాను. కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే ఉండగా పెళ్ళయింది, పిల్లలు పుట్టి హాస్టళ్ళకి వెళ్ళారు, పొట్ట వచ్చింది, దాని వెనకాలే సుగరు వచ్చింది. “మందులు నేను రాస్తాను. కాళ్ళు మాత్రం మీరే వాడాలండి” అన్నాడు డాక్టరు.

మొదటిరోజు రైసు మిల్లు దాకా వెళ్ళేసరికి ప్రాణం కళ్ళలోకొచ్చింది. గట్టు మీద పడుకున్న ఎర్రకుక్క ఒకటి తలెత్తి నన్ను చూసి, వీణ్ణి తరమడం కూడా దండగనుకుని మళ్ళీ పడుకుంది. ఆ అవమానంతో మర్నాడు కూడా వెళ్ళాను. కొన్నాళ్ళకి ఆ కుక్క లేచి నిలబడింది. ఇంకొన్నాళ్ళకి నిజంగానే తరిమింది. అది నా ఆరోగ్యానికి దొరికిన మొదటి సర్టిఫికెట్టు. ఆ తరవాత ఇద్దరికీ స్నేహం కుదిరి, రోజూ కొంతదూరం కలిసే పోయేవాళ్ళం.

ఆగకుండా లాకుల దాకా వెళ్ళిన రోజున అక్కడి ఇనపచక్రం పట్టుకుని ఒక్కణ్ణే నవ్వుకున్నాను. ఆ పొద్దుటి గంటలో నా పైన అధికారి లేడు, నా ముందు ఫైలు లేదు. నాకు ఆ గంటంటే ప్రాణం. సుగరు దిగింది, నిద్ర పట్టింది. మా ఆవిడ రత్నకుమారి ఒకరోజు అన్నం వడ్డిస్తూ నా మొహంలోకి అనుమానంగా చూసింది.

“ఏవండీ, కూరలో ఉప్పు తక్కువైందని మీరు అరిచి నెల దాటిపోయిందండీ. ఒంట్లో బాగానే ఉందా?”

“బాగానే ఉందోయ్. అందుకే అరవట్లేదు.”

“అయితే ఇలాగే కానివ్వండి మరి” అంది.

ఇలాగే కానిచ్చేవాణ్ణి. కానీ ఒకనాడు మా ఉపసంచాలకులు ధనుంజయరావు గారు క్యాంపు ముగించుకుని జీపులో గట్టు మీదుగా వస్తూ నన్ను చూశారు. జీపు ఆపించారు.

“ఎవరయ్యా తరుముతున్నారు?” అన్నారు కంగారుగా.

“ఎవరూ లేరండి.”

“మరెందుకు పరిగెడుతున్నావు?”

ఇక్కడే నా బుద్ధి గడ్డి తింది. “ఆరోగ్యానికండి. హాయిగా ఉంటుందండి” అన్నాను.

“హాయిగానా?” అన్నారాయన. ఆయన మొహం చిన్నబోయింది. తన కార్యాలయంలో, తన అనుమతి లేకుండా, తన కింది ఉద్యోగి ఒకడు హాయిగా ఉన్నాడన్న సంగతి ఆయన్ని కలచివేసినట్టుంది. జీపు వెళ్ళిపోయింది. మూడోనాటికి సర్క్యులర్ వచ్చింది.

“ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయడమేమనగా: ఈ కార్యాలయమునందు హాయి కొరత ఉన్నట్లు మా దృష్టికి వచ్చినందున, ఇకపై ప్రతి పనిదినమున సూర్యోదయ సమయమున సిబ్బంది కాలవ గట్టుపై విధిగా పరుగెత్తి సదరు హాయిని పొందవలెను. హాయి పొందుటలో అలసత్వము చూపువారిపై శాఖాపరమైన చర్యలు తీసుకొనబడును.”

మొదటిరోజు అందరూ వచ్చారు. కొందరు పంచెల్లో, కొందరు మఫ్లర్లలో, ఒకాయన టిఫిను క్యారియరుతో వచ్చారు. ధనుంజయరావు గారు తెల్ల బూట్లు వేసుకుని కొబ్బరికాయ కొట్టి పరుగు ప్రారంభించారు. నేను చాలాసేపు కాళ్ళు బిగబట్టుకునే ఉన్నాను. రైసు మిల్లు దగ్గర ఎర్రకుక్క కనిపించి తోకాడించింది. అంతే, కాళ్ళు మాట వినలేదు. ధనుంజయరావు గారి పక్కనుంచి ముందుకు పోయాను. కొంతదూరం పోయాక వెనక ఎవరి చప్పుడూ లేదని తిరిగి చూస్తే, ఆఫీసంతా గట్టు మీద నిలబడిపోయి ఉంది. ఎవరో పోయినట్టు అందరి మొహాలూ వాడిపోయాయి.

మధ్యాహ్నానికి మెమో అందింది. పై అధికారిని దాటి ముందుకు పోవుటకు గల కారణములు తెలుపుతూ సంజాయిషీ ఇచ్చుకోవాలి. “కాళ్ళు ఆగలేదు” అని రాసి, మా సూపరింటెండెంటు అచ్యుతరామయ్య గారికి చూపించాను. ఆయనకి నిబంధనలన్నీ కంఠతా వచ్చు. ఏది అడిగినా కళ్ళు మూసుకుని చెబుతారు.

“ఇలా రాస్తే మీ కాళ్ళు మీ అదుపులో లేవని ఒప్పుకున్నట్టవుతుందండీ. అదుపులో లేని కాళ్ళతో ఆఫీసుకెలా వస్తున్నారని అడుగుతారు.”

“మరేం రాయమంటారండీ?”

“గాలి వీచిందని రాయండి. గాలి మీద చర్య తీసుకునే అధికారం మనకి లేదు.”

గాలి వీచిందని రాశాను. నన్ను మందలించి వదిలేశారు. కానీ అచ్యుతరామయ్య గారి బుర్రలో ఆ గాలి ఆగలేదు. “ప్రమోషనులో మన కిందివాడు మనల్ని దాటితే కోర్టుకి వెళ్తాం. గట్టు మీద దాటితే చూస్తూ ఊరుకుంటామా?” అని ఆయన మీటింగులో లేచి అడిగారు. అందరూ బల్లలు చరిచారు. ఆనాటి నుంచి పరుగు సీనియారిటీ ప్రకారం జరగాలని ఉత్తర్వు వచ్చింది. ఉపసంచాలకులు ముందు, ఆ వెనక సూపరింటెండెంటు, ఆ వెనక మేము హోదాల వారీగా, ఒకరి వెనక ఒకరు. ఎవరూ ఎవరినీ దాటరాదు.

నాకు పై స్థానాల్లో ఫణిభూషణం గారూ నూకరాజు గారూ ఉన్నారు. వాళ్ళిద్దరూ ఒకే రోజున, ఒకే బస్సు దిగి ఉద్యోగంలో చేరారు. ఎవరు సీనియరన్నది అప్పటినుంచీ ట్రిబ్యునల్లో ఉంది. తీర్పు వచ్చేదాకా యథాతథ స్థితి కొనసాగించాలి గనక ఇద్దరూ చేతులు పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ పరిగెత్తాలని తేల్చారు. బడికి పోయే కవల పిల్లల్లా ఇద్దరు పెద్దమనుషులు, వాళ్ళ వెనక నేను.

అంతకన్నా కష్టమేమిటంటే, మా అందరి వేగమూ ధనుంజయరావు గారి వేగమే. ఆయనకి మోకాళ్ళ నొప్పులు. వారం తిరిగేసరికి సవరణ వచ్చింది: “ఉపసంచాలకుల వారి నడకను పరుగుగా పరిగణించవలెను. అట్టి పరుగును ఎవ్వరూ నడకగా చూడరాదు.” మేము చూడలేదు. గేదెలు మాత్రం మమ్మల్ని దాటిపోతూ ఒకసారి చూసి వెళ్ళేవి.

సరే, ఆఫీసు పరుగు ఆఫీసుదే, నా పరుగు నాదే అనుకున్నాను. ఇంకా ముందే లేచి, చీకటి ఉండగానే ఒక్కణ్ణే లాకులకి వెళ్ళి రావడం మొదలుపెట్టాను. దానికీ మెమో వచ్చింది. అచ్యుతరామయ్య గారు నన్ను కూర్చోబెట్టి ఎంతో ప్రేమగా చెప్పారు.

“ప్రభుత్వ డాక్టరు ఇంట్లో దుకాణం తెరిస్తే ఏమంటారండీ?”

“ప్రైవేటు ప్రాక్టీసంటారండి.”

“మరి మీరు చేసేదేంటి? హాయి ఇప్పుడు శాఖది. మీరు దాన్ని సొంతంగా పొందుతున్నారు. ఆదివారం కూడా కుదరదు. మీ మేలు కోరి చెబుతున్నాను.”

దాంతో నా గంట పోయింది. రోజూ ఇద్దరు పెద్దమనుషుల వీపులు చూస్తూ గట్టు మీద కాళ్ళీడ్చుకుంటూ నడవడమే మిగిలింది. ఎర్రకుక్క కొన్నాళ్ళు నా కోసం చూసి, ఊరేగింపులో నన్ను గుర్తుపట్టి, తల తిప్పుకుంది. నాకు ఏడుపొచ్చింది. సుగరు మళ్ళీ పైకెక్కింది. ఒక రాత్రి పప్పులో ఉప్పు ఎక్కువైందని కంచం ముందు నుంచి లేచిపోయాను. రత్నకుమారి చేతులు కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చుంది.

“ఆ ఉద్యోగం మీ పగలంతా తీసుకుంది, పోనిలే అనుకున్నాను. పొద్దుట కూడా తీసుకుంటే ఇంక మీరు నాకేం మిగుల్తారండీ?” అంది.

వెళ్ళి మళ్ళీ కంచం ముందు కూర్చున్నాను.

అంతలో ధనుంజయరావు గారికి బదిలీ అయింది. ఆయన బూట్లు సర్దుకుని వెళ్ళిపోయారు. కొత్తాయన రాలేదు. ఫలానావారు ఇన్‌ఛార్జి అని ఉత్తర్వులూ రాలేదు. నా ప్రాణం లేచొచ్చింది, ఇంక పరుగు రద్దవుతుందని. మర్నాడు గట్టు మీద అందరమూ చేరి చూస్తే, వరస మొదట్లో ఉండవలసిన మనిషి లేడు. ఆయన లేకుండా ముందుకు అడుగు వేస్తే ఆయన స్థానాన్ని దాటినట్టే. వేయకపోతే హాయి పొందుటలో అలసత్వం. సిబ్బంది యావన్మందీ ఎండెక్కేదాకా అక్కడే నిలబడ్డాం.

అచ్యుతరామయ్య గారు కళ్ళు మూసుకున్నారు. చాలాసేపటికి తెరిచారు.

“ఆఫీసర్ గారు సీట్లో లేనప్పుడు మనం ఆయన గదిలోకి వెళ్తే ఏం చేస్తాం?”

“గుమ్మం దగ్గరే చెప్పులు విడుస్తామండి” అన్నారు నూకరాజు గారు.

“ఎందుకు? కుర్చీ ఉంది గనక. కుర్చీ మీద తువ్వాలుంది గనక. పాదుకలు రాజ్యమేలిన దేశమండీ మనది. కుర్చీ పరిగెత్తలేదా?”

మర్నాడు ఉపసంచాలకుల వారి కుర్చీ, వీపు మీద తెల్ల టర్కీ తువ్వాలుతో సహా, కూరగాయల తోపుడు బండి మీదికెక్కింది. మా దగ్గర గోనె తాడుకి కొదవ లేదు గనక గట్టిగా కట్టాం. అటెండరు సత్తియ్య తోసేవాడు. అందరమూ కుర్చీకి నమస్కారం పెట్టి, దాని వెనక హోదాల వారీగా బయల్దేరేవాళ్ళం. కుర్చీ వారికి బారెడు దూరంలోనే ఉండాలనీ, వెనకబడితే అవిధేయత కింద లెక్కనీ అచ్యుతరామయ్య గారు నియమం పెట్టారు. చిత్రమేమిటంటే, ధనుంజయరావు గారి హయాంలో కన్నా ఆఫీసు పనులు బాగానే జరిగాయి. కుర్చీ ఏ ఫైలునీ తిప్పి పంపలేదు.

ఇలా కొంతకాలం గడిచాక ఒకరోజున సత్తియ్య రాలేదు. వాళ్ళ బావమరిది పెళ్ళికి వెళ్ళాడు. బండి తోయడం ఎవరి విధుల్లోనూ లేదు. అందరూ కాలవలో నీళ్ళ కేసి చూస్తున్నారు.

“నేను తోస్తానండి” అన్నాను.

అచ్యుతరామయ్య గారు ఉలిక్కిపడ్డారు. “అలాగైతే మీరు నాకన్నా ముందు వెళ్ళినట్టవుతుందేమో?”

“బండి తోసేవాడు వరసలో మనిషి కాదు కదండీ. సత్తియ్యని ఏనాడైనా మీకు సీనియరన్నామా?”

ఆయన కళ్ళు మూసుకుని నిబంధనలన్నీ వెతికారు. ఎక్కడా అడ్డు దొరకలేదు. “కానివ్వండి” అన్నారు.

నేను నిజంగా మెల్లగానే మొదలుపెట్టాను. గట్టు మీద కొత్తగా తారు వేశారు. బండి చక్రాలకి నూనె పెట్టి ఉంది. రైసు మిల్లు దగ్గర ఎర్రకుక్క పడుకుని ఉంది. ఊరేగింపు వస్తోందని ఎప్పటిలా మొహం తిప్పుకోబోయి, బండి వెనక నన్ను చూసి, చెవులు రిక్కించి, ఒక్క అరుపు అరిచింది. ఆ అరుపు నా కాళ్ళకి వినబడింది.

“వైకుంఠరావు గారూ! కాస్త నెమ్మదండీ!”

“వెళ్ళేది కుర్చీ అండి! నేను వెనకున్నాను!”

వెనకబడితే అవిధేయత. అందుకని ఆఫీసంతా పరిగెత్తింది. మా శాఖ పుట్టాక అంతమంది ఒకేసారి ఒక పని మీద కదలడం అదే మొదలు. మఫ్లర్లు ఎగిరాయి, టిఫిను క్యారియరు గలగలలాడింది. ఫణిభూషణం గారూ నూకరాజు గారూ చేతులు వదలకుండానే తట్టుకుని బోర్లాపడ్డారు. ఇద్దరూ ఒకేసారి పడ్డారు గనక ఆ తగాదా ఇంకా ట్రిబ్యునల్లోనే ఉంది.

లాకులు వచ్చాయి. నేను ఆగలేదు. ఆగాలని కూడా తోచలేదు. కుర్చీ, నేను, కుక్క అవతలి గట్టెక్కేశాం. వెనక అచ్యుతరామయ్య గారు గోడకి కొట్టుకున్నట్టు ఆగిపోయారు. ఆయన ఆగితే అందరూ ఆగినట్టే.

“హెడ్‌క్వార్టర్స్ దాటేస్తున్నారండీ! అనుమతి తీసుకోవాలి!” అని ఆయన అరిచారు.

“ఎవర్నడగమంటారండీ?” అని నేనూ అరిచాను.

అనుమతి ఇవ్వవలసిన అధికారి నా బండి మీద, తువ్వాలు ఎగరేసుకుంటూ, పక్క ప్రాంతంలోకి వెళ్ళిపోతున్నారు. ఆయన వెంట వెళ్ళేవాడికి అనుమతి అక్కర్లేదు. అనుమతి కావలసినవాళ్ళకి ఇచ్చేవాళ్ళు లేరు.

ఎంత దూరం వెళ్ళానో తెలియదు. అరటితోటలు వచ్చాయి, ఒక బల్లకట్టు రేవు వచ్చింది. నేను నవ్వుతున్నానని చాలాసేపటికి గానీ తెలియలేదు. చివరికి ఒక టీకొట్టు దగ్గర ఆగాను. బల్ల మీద చోటు లేదు. కుర్చీ వారికి నమస్కారం పెట్టి అందులోనే కూర్చుని, చేతికందిన తువ్వాలుతో మొహమూ మెడా తుడుచుకున్నాను. టీ ఇంకా రాకముందే ఒక రైతు చేతులు కట్టుకుని ముందు నిలబడ్డాడు.

“సంచులు ఎప్పుడిప్పిత్తారండి? ధాన్యం కళ్ళంలో ఉండిపోయిందండి, ఆయ్.”

“ఇది మా ప్రాంతం కాదండీ.”

“కుర్చీ వచ్చింది కదండి. ఇన్నేళ్ళలో మా ఊరొచ్చిన మొదటి కుర్చీ అండి, ఆయ్. ఆ మాటేదో మీరే చెప్పెయ్యండి.”

“వచ్చే వారం” అన్నాను. ఆయన దండం పెట్టి సంతోషంగా వెళ్ళిపోయాడు. అధికారం ఇంత సులువని నాకు అంతవరకు తెలియదు.

విచారణ జరిగింది. నా మీద రెండు అభియోగాలు. ఒకటి, ఉపసంచాలకుల వారిని అనుమతి లేకుండా పక్క ప్రాంతమునకు తీసుకుపోవుట. రెండు, అధికార చిహ్నమైన తువ్వాలుతో చెమట తుడుచుకొనుట. విచారణాధికారి మొదటిదాని దగ్గర చిక్కుకుపోయారు. కుర్చీ అధికారి అయితే, అధికారి ఎక్కడికి వెళ్ళాలో ఆయన ఇష్టం. కుర్చీ అధికారి కాకపోతే, ఇన్నాళ్ళుగా ఆఫీసంతా కూరగాయల బండి వెనక ఎందుకు పరిగెత్తిందో హెడ్డాఫీసుకి చెప్పుకోవాలి. అందుకని దాన్ని కుర్చీ వారి ఆకస్మిక తనిఖీగా నమోదు చేసి, రైతులకి అభయమిచ్చినందుకు కుర్చీని ప్రశంసించారు. తువ్వాలు సంగతిలో మాత్రం నాకు తప్పించుకునే దారి లేకపోయింది. శిక్షగా లాకులవతలి ప్రాంతానికి బదిలీ చేశారు.

ఆర్డరు కాగితం పట్టుకుని ఇంటికెళ్ళాను. రత్నకుమారి మొహం వాడిపోయింది.

“ఇల్లు మారాలా అండీ?”

“అక్కర్లేదు. గట్టు వెంబడి లాకులు దాటితే అదే ఆఫీసు.”

“అక్కడ పరుగుందా?”

“లేదు. అక్కడివాళ్ళకి హాయి సంగతి ఇంకా తెలియదు.”

ఆమె ఆ సాయంత్రం పాయసం చేసింది. కొద్దిగానే పోసింది, సుగరు కదా.

ఇప్పుడు రోజూ పొద్దున్నే మళ్ళీ ఒక్కణ్ణే పరిగెడుతున్నాను. లాకులు దాటి అరటితోటల దాకా వెళ్ళి వస్తాను. ఎర్రకుక్క నా వెనకే వస్తుంది. దానికి ప్రాంతాల పట్టింపు లేదు. సుగరు దిగింది. ఉప్పు మాట మా ఇంట్లో మళ్ళీ వినబడలేదు.

నిన్న బల్లకట్టు రేవు దగ్గర నా పక్కనే ఒక జీపు ఆగింది. అద్దం దించి చూసింది మా కొత్త అధికారిణి హైమవతి గారు. చురుకైన మనిషి, కొత్త కొత్త పథకాలంటే ఇష్టమని చెప్పుకుంటారు.

“ఏంటండీ వైకుంఠరావు గారూ, పొద్దున్నే ఈ పరుగేంటి? ఎవరైనా తరుముతున్నారా?”

వెనక్కి చూశాను. ఎర్రకుక్క నాలిక బయటపెట్టి, తోక ఊపుతూ, వయ్యారంగా వస్తోంది.

“అవునండి మేడం. కుక్క తరుముతోందండి” అన్నాను.

“అయ్యో, మొన్న కూడా పరిగెడుతుంటే చూశానే?”

“రోజూ తరుముతుందండి.”

“ఉండండి, ఇవాళే పంచాయతీకి చెప్పి దాన్ని పట్టించేస్తాను.”

“వద్దు మేడం” అన్నాను, చేతులు జోడించి. “అది తరమకపోతే నేను టైముకి ఆఫీసుకి రాలేనండి.”

ఆవిడ వాచీ చూసుకుంది. “అలా అయితే ఉండనివ్వండి” అని, డ్రైవరుతో “పోనియ్” అంది. జీపు కనుమరుగయ్యేదాకా కుక్కా నేనూ భయపడుతూ పరిగెత్తాం. ఆ తరవాత మామూలుగా పరిగెత్తాం.